మల్లక్క ఇల్లెక్కిన మహారాజు

తాటిచెట్లకు కొదవలేని, దర్బారులో తెలివికి మాత్రం కాస్త కొదవైన ఒకానొక రాజ్యాన్ని ప్రచండ భేరుండ భూపాలుడనే రాజు ఏలుతుండేవాడు. ఆయన పేరు పలకడానికి ఎంత సేపు పడుతుందో, అంత సేపు కూడా ఆయన ఏ విషయం గురించీ ఆలోచించిన పాపాన పోలేదు.

అలాంటి రాజుకు ఒక ఏడు నడివేసవిలో ప్రకృతి మీద ప్రేమ పుట్టింది. ఊరికే పుట్టలేదు. పొరుగున నెమలిపురిని ఏలే కువలయ భూపతి పూరిపాకలో కొన్నాళ్లు పడుకుని లేచి, తన పండితుల చేత 'రాజర్షి' అనే బిరుదు ఇప్పించుకున్నాడని వార్త వచ్చింది. అది విన్నప్పటి నుంచి భేరుండ భూపాలుడికి అన్నం సయించలేదు, నిద్ర పట్టలేదు.

"పాకలో పడుకున్నంత మాత్రాన వాడు రాజర్షి అయితే, మరి నేనేమిటి?" అని ఆస్థాన పండితుడు చిదంబర దీక్షితుల్ని పట్టుకుని నిలదీశాడు.

దీక్షితులు రాజు ముఖం చూసి మాట్లాడే మనిషి. "తమరు మహారాజర్షి ప్రభూ! మన పూర్వులు ఆకుల కింద పడుకున్నారు, ఆకుల్లో తిన్నారు, చెట్టుకీ పుట్టకీ దణ్ణం పెట్టారు. తమరూ అలాగే బతికితే సరి. కాకపోతే తమ హోదాకు తగ్గట్టు బతకాలి" అన్నాడు.

ఆ చివరి మాట రాజుకు మహా నచ్చింది.

మర్నాటి నుంచి కోటలో సాదా జీవితం మొదలైంది. రాజు వేపపుల్లతో పళ్లు తోముకునేవాడు. ఆ పుల్లను దంతపు పెట్టెలో పెట్టి పల్లకీలో తెచ్చేవారు. అరిటాకులో భోంచేసేవాడు. ఆకుకు మట్టి అంటుకోకుండా దాని కింద బంగారు పళ్లెం. మంచినీళ్లు మట్టి ముంతలోనే తాగేవాడు. ఒకసారి పెదవి ఆనిన ముంతను రాజన్నవాడు మళ్లీ ముట్టుకోడు గనక గుక్కకో ముంత పగిలేది. కోట వెనక పెంకులు గుట్టపడ్డాయి, ఊళ్లో కుమ్మరుల చేతులు బొబ్బలెక్కాయి. అడవిలో తమ మానాన తాము మేస్తున్న జింకల్ని పట్టి తెచ్చి, స్వేచ్ఛగా తిరుగుతున్నట్టు కనబడాలని పట్టుతాళ్లతో కట్టేశారు.

"ప్రకృతికి మేమెంత దగ్గరయ్యామో చూశావా అంకన్నా?" అన్నాడు రాజు ఒక జింక మెడ నిమురుతూ.

అంకన్న ఆ కొలువులో విదూషకుడు. నవ్వించడం అతని ఉద్యోగం. ఆ వేసవిలో రాజూ పండితుడూ కలిసి ఆ ఉద్యోగం కాస్తా లాక్కున్నారని అతనికి లోలోపల ఒళ్లు మండుతోంది.

"కళ్లారా చూశాను ప్రభూ. దూరంగా పోదామని ప్రకృతి కూడా చూస్తోంది. పట్టుతాడు అడ్డొస్తోంది" అన్నాడు.

రాజు అది పొగడ్త అనుకుని మీసం దువ్వుకున్నాడు.

అంతవరకూ అయితే నవ్వుకుని ఊరుకోవచ్చు. కానీ దీక్షితులు ఒక రోజు పర్ణశాల మాట ఎత్తాడు. రాజోద్యానంలో చందనపు స్తంభాల మీద, పాలరాతి గచ్చు మీద, కనీవినీ ఎరుగని తాటాకు పర్ణశాల కట్టాలి. పైకప్పు పరుపంత మందంగా ఉండాలి. అందులో కువలయ భూపతి కళ్ల ముందే రాజుగారికి బిరుదు ఇవ్వాలి. అందుకుగాను రాజ్యంలో ఆ ఏడు కోసిన తాటాకంతా కోటకు చేరాలని ఆజ్ఞ వెళ్లింది.

ఆ దేశంలో పల్లెలన్నీ తాటాకు ఇళ్లే. ఏటా ఎండాకాలంలో చెట్టెక్కి, ముదిరిన కింది ఆకులు మాత్రం కోసుకునేవారు. పై ఆకుల మీద, నడినెత్తిన ఉండే మొవ్వు మీద చెయ్యి వేసేవారు కాదు. మొవ్వు కొడితే చెట్టు చచ్చిపోతుంది. కోసిన ఆకు ఎండబెట్టి, వానలు రాకముందే పాత కప్పు విప్పి కొత్త ఆకు వేసుకునేవారు. పాత ఆకు పొయ్యిలోకి, పొయ్యిలో బూడిద పొలంలోకి వెళ్లేవి. దీనికి వాళ్లెవరూ ఏ పేరూ పెట్టుకోలేదు, ఏ బిరుదూ అడగలేదు.

సరిగ్గా పాత కప్పులు విప్పేసి, కొత్త ఆకు వాకిట్లో పేర్చుకున్న సమయానికి రాజభటులు బళ్లు తోలుకుని వచ్చారు. ఉన్న ఆకంతా ఎత్తుకుపోయారు. ఊరి మగవాళ్లను కూడా వెంట తీసుకుపోయి, ఆ ఆకుతోనే పర్ణశాల కప్పించారు. తిరిగొచ్చేసరికి వాళ్ల ఇళ్ల మీద వాసాలు తప్ప ఏమీ లేవు.

ఇసకపర్ర అనే ఊళ్లో ఉండే మల్లక్క ఆ సాయంత్రమే కోట దగ్గరున్న తమ్ముడి ఇంటికి వచ్చిపడింది. ఆ తమ్ముడే మన అంకన్న.

"ఒరే అంకా, మీ రాజుకి మతి గానీ పోయిందేట్రా?" అంది గుమ్మంలోనే నిలబడి. "నీ మేనకోడలు నూకాలు పురిటికొచ్చింది. నెలలు నిండిపోయాయి. మబ్బు పడితే ఆ పిల్లనెక్కడ పడుకోబెట్టను? వాసాల కిందా?"

"కాస్త కూర్చో అక్కా..."

"కూర్చోడానికి రాలేదు. కప్పు మందం రాజుకి ఇంకా చాలలేదంట, బిరుదు పండగ అయిపోగానే మొవ్వులు కూడా కొట్టుకుపోతారంట. చెట్లే చచ్చిపోతే వచ్చే ఏడు ఏం కప్పుకుంటాం? ఆ దీక్షితుల పంచె కప్పుకోమా?"

అంకన్నకు నవ్వు రాలేదు. అక్క కళ్లలో నీళ్లు తిరగడం అతను చిన్నప్పుడెప్పుడో చూశాడు, మళ్లీ ఇప్పుడే చూస్తున్నాడు. ఇన్నాళ్లూ రాజు వెర్రిని చూసి పక్కకు తిరిగి నవ్వుకున్నందుకు తన మీద తనకే రోత పుట్టింది.

చాలా సేపు ఆలోచించి, "అక్కా, నీ ఇంటి ఆకు ఊళ్లో ఇంకెవరైనా వాడుకున్నారనుకో. నువ్వేం చేస్తావు?" అని అడిగాడు.

"ఏం చేస్తాను? వాడు నాకు బదులున్నాడు కదా! నారకట్ట తీసుకెళ్లి వాడి గుమ్మంలో పెడతాను. వాడొచ్చి నా ఇల్లు కప్పాలి. కప్పేదాకా ఎంగిలి పడకూడదు. చేతకాకపోతే చేతకాదని ఒప్పుకుని, తొలి ఉరుము లోపల ఆకు తిరిగిచ్చేయాలి. మన తాతల నాటి నుంచీ ఉన్నదే కదరా, కొత్తగా అడుగుతావేంటి?"

"మరి నీ ఆకు రాజు వాడుకున్నాడు."

మల్లక్క తమ్ముడి వంక గుడ్లప్పగించి చూసింది. తర్వాత కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఏడుస్తోందో నవ్వుతోందో కాసేపు అంకన్నకు తెలియలేదు.

మర్నాడు కొలువులో అంకన్న రాజు ముందు వంగి వంగి దణ్ణాలు పెట్టాడు.

"ప్రభూ! కువలయ భూపతి పెద్దల పద్ధతులు పాటించాడని చెప్పింది ఎవరు? ఆయన జీతం తినే పండితులు. ఆ బిరుదుకు విలువేముంది? తమ గురించి ఊరూవాడా చెప్పుకోవాలి. ఒక దండోరా వేయించండి. పెద్దల నాటి పద్ధతి ఏదైనా సరే, ఏ ఊరిదైనా సరే, మా రాజు తప్పడు. తప్పినట్టు చూపిస్తే, నిలబడ్డచోటే దిద్దుకుంటాడు. ఇంత మాట అనగల గుండె నెమలిపురిలో ఎవరికుంది?"

రాజు ఛాతీ ఉబ్బింది. దీక్షితులు మాత్రం గొంతు సవరించుకున్నాడు. "ప్రభూ, ఏ ఊరిదైనా సరే అంటే మరి... ఊళ్లలో సవాలక్ష పద్ధతులుంటాయి. కాస్త ఆలోచించి..."

"దీక్షితులవారికి తమరు మాట మీద నిలబడలేరేమోనని అనుమానం ప్రభూ" అన్నాడు అంకన్న ఎంతో బాధగా.

"ఎవడికిరా అనుమానం!" అని గర్జించాడు రాజు. "వేయించండి దండోరా!"

వేయించారు. ఆ మాట ఊరూరా తిరిగి, ఇసకపర్రకూ చేరింది, సరిహద్దు దాటి నెమలిపురికీ చేరింది.

బిరుదు పండగ రోజున కువలయ భూపతి మందీమార్బలంతో దిగాడు. ప్రకృతికి ఒక్క పూట కూడా దూరంగా ఉండలేనంటూ తన పూరిపాకను విప్పి, కట్టలు కట్టించి, ఎడ్లబళ్ల మీద వెంట తెచ్చుకున్నాడు. దాన్ని ఉద్యానం మధ్యలో నిలబెట్టడానికి పూలమొక్కలన్నీ పీకించాడు. ఇద్దరు ప్రకృతి ప్రేమికులూ ఒకరినొకరు కౌగిలించుకుని, ఒకరి కప్పు కన్నా ఒకరి కప్పు ఎంత మందమో ఓరకంట చూసుకున్నారు.

పర్ణశాలలో దీక్షితులు లేచాడు. 'మహారాజర్షి' అన్న మాటకు ముందు పెట్టవలసిన విశేషణాలు ఏకరువు పెడుతున్నాడు. అవి ఇంకా సగం కూడా కాలేదు. ఇంతలో జనాన్ని తోసుకుంటూ మల్లక్క వచ్చింది. వెనకాల ఇసకపర్ర వాళ్లు నిచ్చెనలు మోసుకొస్తున్నారు. ఆమె చేతిలోని తాటినార కట్టను రాజు పాదాల దగ్గర పెట్టి, చేతులు జోడించింది.

"ఏమిటిది? కానుకా?" అన్నాడు రాజు.

"కాదు మారాజా. బదులు. నా ఇంటి ఆకు నువ్వు కప్పుకున్నావు. వచ్చి నా ఇల్లు కప్పు."

భటులు ముందుకు వచ్చారు. అంకన్న ఏమీ ఎరగనట్టు నుదురు కొట్టుకుంటూ రాజు పక్కన చేరి, పల్లెల్లో బదులు సంగతంతా వినయంగా వివరించాడు. ఎంగిలి పడకూడదన్న ముక్క మాత్రం రెండుసార్లు చెప్పాడు.

"శాంతం పాపం!" అని దీక్షితులు చెవులు మూసుకున్నాడు. "మహారాజు ఇల్లు కప్పడమా? ఏ శాస్త్రంలో ఉంది?"

"శాస్త్రంలో లేదండి, దండోరాలో ఉంది" అన్నాడు అంకన్న. "పోనీ ప్రభూ, దండోరా వెనక్కి తీసుకుందాం. ఊరివాళ్ల ఎదుట తమరు నిలబడలేకపోయారని టముకు వేయిస్తే సరిపోతుంది. నెమలిపురిలో కూడా వేయించాలేమో, అక్కడా విన్నారు కదా."

కువలయ భూపతి మీసాల చాటున నవ్వుకుంటూ, "పాపం, వదిలేయండి భేరుండ భూపాలా. రాజర్షి కావడం అందరివల్లా అయ్యే పని కాదు" అని ఓదార్చాడు.

ఆ ఓదార్పు రాజుకు మంట పెట్టింది. "నిచ్చెన తెండి!" అని లేచాడు.

"ఆకు కూడా కావాలి ప్రభూ" అని గుర్తుచేశాడు అంకన్న. "రాజ్యంలో ఆకు ఉన్నది తమ నెత్తి మీదే."

పర్ణశాల కప్పులో ఒక మూల విప్పి, బండికెత్తారు. విప్పినచోటి నుంచి ఎండ తిన్నగా దీక్షితుల బట్టతల మీద పడింది.

ఇసకపర్రలో ఆ రోజు చూసినంత వినోదం మళ్లీ ఎవరూ చూడలేదు. రాజుగారు పట్టుపంచె ఎగ్గట్టి, కిరీటంతో సహా నిచ్చెన ఎక్కాడు. నిచ్చెన మూలిగింది. కింద దీక్షితులు ఆకులు అందిస్తున్నాడు. తాటిమట్టల అంచులకు రంపపు పళ్లుంటాయని ఇంత చదువు చదివిన మనిషికి ఆ పూటే తెలిసింది. అందించిన ప్రతి ఆకుకూ ఒక కేక పెడుతున్నాడు. పురిటికొచ్చిన నూకాలు చెట్టునీడన కూర్చుని, పొట్ట పట్టుకుని నవ్వుతోంది.

"అలా కాదు మారాజా! మట్ట పైకి, కొస కిందికి!" అని అరిచింది మల్లక్క.

"మాకు తెలుసు!" అని రాజు కొస పైకే పెట్టి, నారతో ఏడు ముళ్లు వేశాడు.

ఒక వరుస సగం అయ్యేసరికి ఆయనకు చెమట ధారలు కట్టింది, కడుపు కాలింది. మధ్యాహ్నం భోజనం వేళ దాటిపోయింది. వెన్నుదూలం పట్టుకుని తల ఎత్తి చూశాడు. కనుచూపు మేర ఇళ్లన్నీ వాసాలు బయటపడి ఉన్నాయి. వాసాల కింద పొయ్యిలు, మంచాలు, చాపల మీద ముసలివాళ్లు పైనుంచి కనిపిస్తున్నారు. దూరంగా పర్ణశాల మాత్రం బలిసి కూర్చుని ఉంది. దాని వెనక ఆకాశంలో ఒక నల్లటి మబ్బు లేస్తోంది.

"ఏమిట్రా అవన్నీ?" అన్నాడు రాజు, పక్కన నిచ్చెన మీద నిలబడ్డ అంకన్నతో.

"తమ బదుళ్లు ప్రభూ."

"అన్నీనా?"

"కనబడేవి. కొండ అవతలవి ఇక్కణ్ణుంచి కనబడవు."

ఈ సమయంలో రాజుకు జ్ఞానోదయమైందని చెబితే వినడానికి బాగుంటుంది. కానీ అయింది ఆకలి. "అవన్నీ కప్పేదాకా ఎంగిలి పడకూడదా?" అని నీరసంగా అడిగాడు.

"లేదా చేతకాదని ఒప్పుకుని, ఉరుము లోపల ఆకు తిరిగిచ్చేయాలి ప్రభూ."

రాజు కిందికి చూశాడు. తమాషా చూద్దామని వెంట వచ్చిన కువలయ భూపతి గొడుగు నీడన కూర్చుని, తాటిముంజలు తింటూ, పొట్ట అదిరేలా నవ్వుతున్నాడు. ఆ నవ్వు ముందు చేతకాదన్న మాట రాజు నోట రాదు, ప్రాణం పోయినా రాదు. ఇది అంకన్నకు బాగా తెలుసు. మబ్బు చూస్తే ముంచుకొస్తోంది.

అంకన్న గబగబా నిచ్చెన దిగి, కువలయ భూపతి ముందు చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"రాజర్షీ, తమ దర్శనంతో ధన్యుణ్ణయ్యాను. చిన్న సందేహం. తమ పూరిపాకకు ఇంత దట్టమైన ఆకు ఎవరిచ్చారు?"

"ఇవ్వడమేమిటి? మా పల్లెల నుంచి తెప్పించాం."

"అలాగా! తమ పల్లెలు కూడా మా పల్లెల పక్కవే కదా. పద్ధతి ఒక్కటే. అయితే తమరు ఎన్నో ఇళ్లు కప్పి ఉంటారు. మా రాజుగారికి చేతకాక కొస పైకి పెడుతున్నారు. తమరొకసారి ఎక్కి చూపించకూడదా?" అని, జనం వైపు తిరిగి గొంతు పెంచాడు. "నెమలిపురి రాజర్షి ఎక్కుతున్నారు! ఇంకో నిచ్చెన తెండి!"

ఆ జనంలో సరిహద్దు అవతలి నుంచి వేడుక చూడవచ్చిన నెమలిపురి పల్లెల వాళ్లూ ఉన్నారు. ఎవరో ఒక ముసలమ్మ, "అవును, మా ఇంటి ఆకు కూడా పోయింది!" అంది. ఆమె ఆ మాట అనడమే తడవు, పక్కవాళ్లు నార వెతకడం మొదలుపెట్టారు.

కువలయ భూపతి గొంతులో తాటిముంజ అడ్డం పడింది. అతను లేచి, తనకు ఏదో అర్జంటు రాచకార్యం ఉందని గొణిగి, రథం ఎక్కాడు. గొడుగువాడు వెంట పరుగెత్తాడు. రాజోద్యానంలో పూరిపాకను విప్పుకోవడం కూడా మరిచిపోయి, ప్రకృతి ప్రేమికుడు దుమ్ము రేపుకుంటూ పారిపోయాడు.

ఇల్లెక్కి ఉన్న భేరుండ భూపాలుడు అదంతా చూశాడు. ముందు కిసుక్కుమన్నాడు. తర్వాత కిరీటం ఊడిపడేలా నవ్వాడు. నవ్వి నవ్వి పట్టు తప్పి, ఆకుల మీద నుంచి చూరు దాకా జారి, కింద గడ్డివామిలో పడ్డాడు. తాటిమట్ట పళ్లు ఎక్కడ గీసుకోవాలో అక్కడ గీసుకున్నాయి. అయినా నవ్వు ఆగలేదు.

"ఒరే అంకన్నా! వాడి ముఖం చూశావా? వాడి ముఖం! ఏం కావాలో కోరుకోరా, ఏదైనా ఇస్తాను!"

"పెద్ద కోరికే ప్రభూ. పర్ణశాల ఇప్పించండి. మొవ్వు కొట్టమన్న ఆజ్ఞ కూడా దానితో పాటే నాకిచ్చేయండి."

రాజు నడుము తడుముకుంటూ లెక్క వేసుకున్నాడు. ఇచ్చేస్తే ఆకు తన చేతిలో ఉండదు. ఆకు లేకపోతే బదులూ ఉండదు. పైగా దానం చేయడం రాజుల పని, చేతకాదని ఒప్పుకోవడం కాదు.

"ఇచ్చేశాం పో!" అన్నాడు దర్జాగా. "భోజనం ఎక్కడ?"

"మహాప్రసాదం" అని అంకన్న అక్కడికక్కడే చేతులు జోడించి, జనం వైపు తిరిగాడు. "అయ్యలారా, అమ్మలారా! మీ ఆకు ఇప్పుడు నా దగ్గరుంది. మీ ఇళ్లు కప్పడం నాకు చేతకాదు. ఒప్పుకుంటున్నాను. మీ ఆకు మీరు తీసుకెళ్లండి!"

ఆ సాయంత్రానికి పర్ణశాల మీద ఒక్క ఆకు మిగల్లేదు. ఊళ్లకు ఊళ్లే ఒకరి ఇల్లు ఒకరు కప్పుకున్నాయి. కువలయ భూపతి వదిలేసిన పూరిపాకను నెమలిపురి ముసలమ్మ బండి మీద తోలుకుపోయింది. పట్టుతాళ్లు విప్పేసరికి జింకలు వెనక్కి తిరిగి కూడా చూడకుండా అడవిలో పడ్డాయి. తొలి ఉరుము ఉరిమేటప్పటికి చందనపు స్తంభాల మధ్య, పాలరాతి గచ్చు మీద, దీక్షితులు ఒక్కడే నిలబడి మిగిలిన విశేషణాలు చదువుతున్నాడు. రాజు బిరుదు మాత్రం వదులుకోలేదు, గొడుగు కింద నిలబడి పుచ్చుకున్నాడు.

ఆ రాత్రి వానలోనే నూకాలు ఆడపిల్లను కంది. ఇల్లంతా పొడిగా ఉంది. రాజుగారు కొస పైకి పెట్టి ఏడు ముళ్లు వేసినచోట మాత్రం టపటపా కారింది. ఆ ముళ్లు విప్పడం ఎవరివల్లా కాలేదు. మల్లక్క ఆ చుక్క కింద ఒక పాత మట్టిముంత పెట్టింది.

ఆ ముంతకు ఇసకపర్ర వాళ్లు 'మహారాజర్షి' అని పేరు పెట్టారు. వాన పడ్డప్పుడల్లా ఎవరో ఒకరు లోపలికి కేకేసేవారు: "మహారాజర్షి నిండిపోయాడు, తీసుకెళ్లి పెంట మీద పారబొయ్యండి!"